వెంట్రుకవాసి పొడుగు

షూటింగ్ పోటీ తనిఖీ బల్ల దగ్గర మా మనవరాలి పిస్టల్‌లో తూటాలు పెట్టే మ్యాగజైన్ కొలతపెట్టెలో పట్టలేదు.

"వెంట్రుకవాసి పొడుగు. వేరేది లేకపోతే పోటీలో లేనట్టే," అన్నాడు తనిఖీదారు.

"వెంట్రుకవాసికేనా నాయనా? కాస్త నొక్కి చూడు," అన్నాను.

"నొక్కకూడదు మామ్మగారూ. పోయినేడు ఎవరిదో అలా నొక్కి పట్టిస్తే, మీ మనవరాలే నామీద ఫిర్యాదు రాసింది."

మనవరాలు తన బూట్లకేసి చూసుకుంది.

"ఆ ఎవరిదో నాదే," అంది వరసలో వెనకున్న పిల్ల, సంచిలోంచి ఒక మ్యాగజైన్ తీస్తూ. "నీ పుణ్యమా అని అరగదీయించాను. మన పిస్టళ్లు ఒకే రకం, తీసుకో. నాకు ఇంకోటుంది. నిన్ను బల్ల దగ్గరే గెలిస్తే నాకేం సరదా?"

పొద్దున దారి పొడుగునా ఆ పిల్లని దొంగ అంటూ వచ్చిన మా మనవరాలు, రెండు చేతులూ చాచి అందుకుంది.