లేని మనిషి

“ఈయన ఎక్కడుండాడు? అడ్రస్ చెప్పక్కా, చాలు.”

ఆత్మకూరు బస్టాండు ఎదుట, మందుల షాపు పైనున్న చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న నవ్యశ్రీ తలెత్తి చూసింది. వచ్చినమ్మాయి రొప్పుతోంది. పేరు సుకన్య అనీ, మొదటి బస్సుకే సీతారామపురం నుంచి బయల్దేరామనీ చెప్పింది. వెనకే వాళ్లమ్మ పెంచలమ్మ, మెట్లెక్కిన అలుపుతో గోడకు ఆనుకుని నిలబడింది.

సుకన్య చాచిన ఫోనులో నవ్యశ్రీ చేసిన వీడియోనే ఆడుతోంది. గానుగ నూనె ప్రకటన అది, చివర్లో చేసినవాళ్ల అడ్రస్ కూడా ఉంది. ముసలి రైతొకడు దోసిట్లో వేరుశనక్కాయలు పట్టుకుని, విరిగిన ముందుపన్ను కనబడేలా నవ్వుతున్నాడు.

“మా నాయన. గురుస్వామి. నేను మూడో తరగతిలో ఉండంగా బెంగుళూరు పనికని పోయినాడు, మళ్లీ రాలా.”

నవ్యశ్రీ కుర్చీని ఆమె వైపు తిప్పింది. “చెల్లీ, ఈయన నిజం మనిషి కాదు. ఏఐతో చేసినాను.”

“మనిషి కాదంటావేంది? ఆ కనుబొమ్మ మీద గాటు చూడు. ఆ పన్ను చూడు.”

నవ్యశ్రీ సొరుగులోంచి స్టోరీబోర్డు తీసి ముందు పెట్టింది. పెన్సిల్‌తో గీసిన గళ్లు. ఒక గడిలో చేను, ఇంకోదాంట్లో నడిచొస్తున్న రైతు, ఆ తర్వాత దోసిలి. ఎక్కడా మొహం లేదు, తలకాయ ఉండాల్సిన చోట సున్నా చుట్టి ఉంది.

“ఇవి ఏఐకిచ్చి, మెట్ట ఊరి ముసలి రైతు అని రాసినాను. మరీ అందంగా ఉంటే జనం నమ్మరని, ఒక పన్ను విరగ్గొట్టి గాటు పెట్టమన్నాను. మిగతాదంతా అదే కల్పించుకుంది.”

“మా నాయనకున్న చోటే గాటు ఎట్ట పెట్టింది?”

సుకన్య పర్సులోంచి ఒక పాత ఫోటో తీసింది. తిరునాళ్లలో పాపను భుజాల మీద ఎక్కించుకున్న మనిషి. నవ్యశ్రీ దాన్ని ఫోను పక్కన పెట్టి చూసింది. ఆ కళ్లు, ఆ దవడ, ఆ నవ్వు. వయసొక్కటే తేడా.

“ఏమీ చెప్పకుండా పిలుచుకొచ్చినాను మా అమ్మను. అమ్మా, నువ్వే చూసి చెప్పు.”

పెంచలమ్మ ఫోను అందుకుంది. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ఎడమ మణికట్టు మీద ఆనించి, కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చాలాసేపు చూసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

“కాదు.”

“సరిగా చూడమ్మా.”

“కాదన్నాను కదే.”

నవ్యశ్రీ అవే గళ్లను మళ్లీ కంప్యూటర్‌కిచ్చింది. కాసేపటికి అదే చేలో వేరే ముసలాయన నడిచొచ్చాడు. మళ్లీ ఇచ్చింది. ఇంకొకాయన నవ్వాడు.

“చూడు చెల్లీ. అడిగినప్పుడల్లా కొత్త మనిషిని పుట్టిస్తాది. నీకు కనబడినాయన ఎక్కడా లేడు.”

సుకన్య స్టూలు మీద కూలబడింది. ఏడవలేదు. “ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడగకూడదు, అన్నం తిన్నావా అని అడగాలి అనుకుంటా వచ్చినాను బస్సులో” అంది.

తను ఆడుతూ పాడుతూ చేసిన బొమ్మ ఇంత పని చేస్తుందని నవ్యశ్రీ కలలో కూడా అనుకోలేదు.

“ఆ ఫోటో ఇయ్యి. వయసు పెంచి, ఇప్పుడెట్టుంటాడో అట్ట చేస్తాను. కనబడితే చెప్పండని చిన్న వీడియో పెడదాం. నాకేమీ ఇయ్యొద్దు. బెంగుళూరు దాకా పోతాది.”

సుకన్య మొహం వికసించింది. ఫోటోను స్కానర్ మీద తనే పెట్టింది. అంతలో ఆమె మొగుడు ఫోన్ చేస్తే, ఆ కబురు చెప్పడానికి మెట్ల మీదకు పరుగెత్తింది.

నవ్యశ్రీ బటన్ నొక్కబోయింది. పెంచలమ్మ చెయ్యి ఫోటోను కప్పేసింది.

“వద్దు పాపా.”

“ఎందుకమ్మా? ఇన్నేళ్లు బొట్టు తియ్యకుండా ఎదురుచూసినావు. ఎక్కడున్నాడో తెలిస్తే చాలు కదా నీకు.”

బయట సుకన్య గొంతు వినబడుతోంది. “దొరకతాడు. నాకు నమ్మకముండాది.”

పెంచలమ్మ పోయి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. “దాని మనసులో నాయన మంచోడు. అట్నే ఉండనీ. వెతకొద్దు.”

“ఆయన ఎక్కడున్నాడో నీకు తెలుసా అమ్మా?”

పెంచలమ్మ ఆ వంకర చేత్తోనే ఫోటో తీసి కొంగున ముడేసుకుంది.

“మా చేలో పూడ్చింది నేనే.”