పంపినవారి పేరు

“నా మెయిల్ గూడా మీ పెట్టెలో కలపండి సార్. మీ కంపెనీ ఆఫీసు నుంచి కబురు రావాల.”

“ఇదేమన్న ఆర్టీసీ బస్సా, వచ్చినోన్నల్ల ఎక్కించుకోనీకి?” అన్నాడు గజేందర్ తల తిప్పకుండానే.

అడిగినవాడు నాగప్ప. రాయచోటి వైపు మనిషి. దోహాలో, మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాలో చేస్తున్న డ్రైవరు పని పోయింది. బిర్కత్ అల్ అవామిర్‌లో తెలిసినవాళ్ళ గదిలో తలదాచుకుంటూ, మూడు రోజులుగా ఈ పనివాళ్ళ క్యాంపు ఆఫీసు బల్ల మీద వచ్చి కూర్చుంటున్నాడు.

ఎందుకు కూర్చుంటున్నాడో గజేందర్ అడగలేదు.

భార్య ముత్తవ్వ పోయినప్పుడు ఊళ్ళో ఒక్కడు గడప తొక్కలేదు. ఆ రోజు నుంచి మనుషుల మంచిచెడ్డలు అడగడం ఆయన మానేశాడు.

క్యాంపు గుమాస్తా పని మాత్రం మానలేదు. క్యాంపులో పన్నెండుమందికి మెయిల్ తెరవడం రాదు. తెరిచిచ్చినా పాస్‌వర్డు మర్చిపోతారు. అందుకని అందరి మెయిళ్ళూ ఆయన కంప్యూటర్లో ఒకే ప్రోగ్రాంలో పెట్టుకున్నాడు. ఎడమవైపు పన్నెండు పేర్లు. ఏ పేరు నొక్కితే ఆ మనిషి ఉత్తరాలు. కొత్త ఉత్తరం రాస్తే అడుగున ఆ మనిషి పేరు, కంపెనీ నంబరు వాటంతటవే పడతాయి.

ఆ ఏర్పాటు తనదేనని ఆయనకు కాస్త గర్వం.

ఆ రోజు గురువారం. పదకొండు గంటలకు ఫోను మోగింది. గోడౌన్‌లో సరుకు దించే సురేందర్.

“గజేందరన్నా, నా రాజీనామా పంపినవా? ఇంక నాతోని గాదే. ఇంటికి పోత.”

“పంపుతున్న తియ్. పోయి ఏం ఉద్ధరిస్తవో ఉద్ధరించు.”

“నువ్వు గిట్ల దీవిస్తెనే మంచిగుంటదన్నా!” నవ్వుతూ పెట్టేశాడు.

గజేందర్ నాలుగు ముక్కలు కొట్టి పంపేశాడు.

వెనక నుంచి నాగప్ప గొంతు.

“సార్, మానేసేది సురేందర్ గదా?”

“అయితే?”

“అడుగున జలంధర్ అని పడినాదే.”

“నీ పని నువ్వు చూసుకో.”

“నాకేం పని లేదు సార్. అందుకే ఇది చూసినా.”

గజేందర్ చూశాడు. నిజమే, జలంధర్ పేరే.

పొద్దున జలంధర్ సెలవు సంగతి చూసి, ఆ పేరు మీదే ఉండిపోయాడు. ప్రోగ్రాం తప్పేం లేదు. తాను ఏ పేరు మీద ఉంటే ఆ పేరుతోనే పంపింది.

జలంధర్ కంపెనీ డ్రైవరు. ఇంట్లో ఏడుగురికి ఆ ఒక్కడి సంపాదనే తిండి. పాపం, వాడు దోహాలో ఎక్కడో బండి తోలుతున్నాడు, తన కొలువు పోతున్నట్టు తెలియదు.

వచ్చిన రాజీనామాలు మధ్యాహ్నం పన్నెండు గంటలకు మేనేజర్ ముందుకు పోతాయి. సంతకం పడిందంటే దేవుడు దిగివచ్చినా వెనక్కి రాదు.

పొరపాటైందని ఇంకో మెయిల్ పంపాడు. జవాబు లేదు. హెచ్చార్‌లో పనిచేసే హైదరాబాదు తల్హాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తానే పోదామని లేచాడు. వాచిన మోకాలు మళ్ళీ కుర్చీలో కూలేసింది.

“రాసియ్యండి సార్, నేను పోతా.”

“నువ్వా? కంపెనీ ఆఫీసు రెండు కిలోమీటర్లుంటది. ఎండ జూస్తున్నవా?”

“కాళ్ళుండాయి గదా సార్.”

గజేందర్ కాగితం రాసిచ్చాడు. గతిలేక ఇచ్చిందే గానీ, నమ్మి ఇచ్చింది కాదు.

పన్నెండైంది. పన్నెండుంబావు.

‘ఏ గోడ నీడనో చూసుకుని కూలబడుంటడు. ముక్కూ మొగం తెల్వనోనికి ఇంకొకని కొలువు పోతే ఏంది?’ అనుకున్నాడు.

పన్నెండున్నరకు తల్హా మెయిల్ వచ్చింది. జలంధర్ పేరున వచ్చిన రాజీనామా రద్దు చేశాం. సురేందర్‌ది సురేందర్ మెయిల్ నుంచి పంపండి.

రెండుసార్లు చదివాడు. ముత్తవ్వ పోయాక మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ఈసారి పేరు మూడుసార్లు చూసుకుని మరీ పంపాడు.

నాగప్ప వచ్చాడు. చొక్కా పిండితే చెంబెడు చెమట కారేలా ఉంది.

“అయిపోయినాది సార్.”

“తెల్సు, మెయిలొచ్చింది. కూలర్ల నీళ్ళున్నయి, తాగు.”

కడుపునిండా తాగి, మూతి తుడుచుకున్నాడు నాగప్ప.

“నా మెయిల్ ఇంక కలపాల్సిన పన్లేదు సార్. నా వీసా గడువు రేపటితో సరి. పొద్దున్నే విమానం.”

“మంచిది,” అన్నాడు గజేందర్. మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఆదివారం బయట హారన్ మోగింది. జలంధర్ బండి.

“గజేందరన్నా, యల్లా! చాయ్ తాగుదాం దా.”

ఆ కేక వింటే గజేందర్ కడుపు చల్లబడింది. వాడికి ఏమీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. చాయ్ తాగి వచ్చి తల్హాకు ఫోన్ కలిపాడు.

“షుక్రియా భాయ్. జలంధర్ కొలువు నిలబెట్టినవ్.”

“నేనేం జేసిన? కాయితం అప్పటికే సంతకానికి పోయింది. నువ్వు పంపినాయనే ఉరికొచ్చి, అది పొరపాటు సార్, సంతకం పెట్టకండి అని మేనేజర్ కలం కింద చెయ్యి పెట్టిండు. నాకైతే దిమాక్ ఖరాబైంది.”

“ఎందుకు?”

“ఆయన నీకు చెప్పలేదా? ‘నీ వీసా గడువు లోపల ఒక్క డ్రైవర్ రాజీనామా ఇచ్చినా నీకు మెయిల్ వస్తది, ఆ బండి తాళం నీదే’ అని ఆ పొద్దున్నే నేను ఫోన్ జేసి చెప్పింది ఆయనకే గదా.”