లిస్టులో లేని పేరు

“లిస్టుల మీ పేరు లేదు సార్,” అన్నాడు వాచ్‌మన్ లింగస్వామి, మేళ్లచెరువు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ గేటు తీయకుండానే.

“లోపల రౌటర్ పెట్టిందే నేను. సరిగ్గ సూడు, దేవ్‌సింగ్ అని ఉంటది.”

“రెండుసార్లు సూసిన. లిస్టుల లేనోళ్లను రానియ్యొద్దని మేనేజర్ సార్ ఆర్డర్. సార్ సూర్యాపేట పోయిండు, పొద్దుగూకినంక వస్తడు.”

ఆ ఆర్డరు దేవ్‌సింగ్ చలవే. గేటుకైనా కంప్యూటర్లకైనా లిస్టులో ఉన్నవాళ్లనే రానివ్వాలని పోయిన వారం మేనేజర్‌కు గంటసేపు చెప్పింది తనే. ఈ పొద్దున కోదాడలో తన ఆఫీసులో కూర్చుని, టెలిఫోన్ లైను మీదుగా, ఫ్యాక్టరీ కంప్యూటర్లకు కాపలా కాసే రౌటర్‌కు అదే రూలు పెట్టాడు: లిస్టులో లేనివాళ్లనెవరినీ బయటినుంచి లోపలికి రానివ్వొద్దు. మీట నొక్కగానే అది ముందు అతని లైనే కోసేసింది. హైదరాబాదు నుంచి రావలసిన లోడింగు ఆర్డర్లూ ఆగిపోయాయి. లారీలు రోడ్డు దాకా బారు తీరాయి. లోపల కూర్చుని సరిచేయడం తప్ప దారి లేక బస్సెక్కి వచ్చాడు.

“ఏం ఖరాబైంది సార్?” అడిగాడు లింగస్వామి.

దేవ్‌సింగ్ గొంతు తగ్గించాడు. “ఖరాబేం కాలే. రూలు పెట్టేటప్పుడు రౌటర్ లిస్టుల నా పేరు రాసుకునుడు మర్చిపోయిన.”

లింగస్వామి గేటు సందులోంచి లిస్టు చూపించాడు. అందరికన్నా పైన, వంకర అక్షరాలతో ‘లింగస్వామి, వాచ్‌మన్’ అని ఉంది.

“కాయితం చేతికియ్యంగనే ముందుగాల నా పేరే రాసుకున్న సార్. చాయ్ తాగనీకి బయటికి పోతే, మళ్ల లోపలికి రావాలె గద.”