షెరీఫ్ గారి ఊరేగింపు

కోర్టు ఎదుటి హోటల్లో షెరీఫ్ రోలండ్ స్టౌట్ కాఫీ సగం తాగేసరికి మావిస్ ప్రూట్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“పొద్దున్నే మంచి శకునమే. ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదులే. తిను.”

మావిస్ ఆ కౌంటీకి కరోనర్. అనుమానంగా ఎవరు చనిపోయినా కారణం తేల్చేది ఆవిడే. మిగతా రోజుల్లో శవపేటికలు అమ్ముకుంటూ, అంత్యక్రియలు జరిపిస్తూ ఉంటుంది. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునే చనువుంది.

కౌంటీ పుట్టి రెండు వందల ఏళ్ళు. బయట మొక్కజొన్న కంకులతో, జెండాలతో కోర్టుకు ముస్తాబు జరుగుతోంది. కాసేపట్లో మొదలయ్యే ఊరేగింపులో అందరికన్నా ముందు గుర్రం మీద వెళ్ళేది రోలండే. అతని ముత్తాత ఇక్కడ షెరీఫ్, తాతా షెరీఫే. వచ్చే మంగళవారం ఎన్నికల్లో తనూ మళ్ళీ గెలుస్తాడు. అందులో అతనికి రవ్వంత అనుమానం లేదు.

కంట్లో నలుసు ఒక్కటే, కోరీ నాల్. చక్కెర జబ్బున్న ఆ కుర్రాడు ఇన్సులిన్ కోసం రోలండ్ అధీనంలోని జైల్లో రెండు రోజులు మొత్తుకుని చచ్చిపోయాడు. “నాటకాలు, ఇవ్వొద్దు” అన్నది రోలండే.

“గుండె ఆగిందని రాశావుగా?” గొంతు తగ్గించి అడిగాడు.

“చివరికి అందరికీ ఆగేది గుండేలే. అది ఎందుకు ఆగిందో రాశాను.”

రోలండ్ రొట్టె ముక్కను గ్రేవీలో తాపీగా ముంచాడు. “రాస్తే రాశావ్. రేపు జడ్జి వారంటే ఇచ్చాడనుకో, అది పట్టుకుని నా ముందుకొచ్చేదెవరు? ఇక్కడ పోలీసు బిళ్ళ పెట్టుకున్న ప్రతివాడికీ ఉద్యోగమిచ్చింది నేనే. నా మనుషులు నా మీద చెయ్యేస్తారా?”

“వెయ్యరు. వాళ్ళనడిగి ఇబ్బంది పెట్టడం కూడా బాగోదు.”

“అదీ మాట. ఇప్పటికి దారికొచ్చావ్.”

“కోరీ వాళ్ళమ్మ నిన్న నా దగ్గరికొచ్చింది. పిల్లాడికి ఏ చొక్కా వెయ్యాలో తేల్చుకోలేక రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.”

రోలండ్‌కు నిజంగానే జాలేసింది, తన మీద కోపం మాత్రం రాలేదు.

“అయ్యో పాపం. నేను అడిగానని చెప్పు.”

“చెప్తాను. తినేశావా? పద, వెనక గుమ్మంలోంచి వెళ్దాం. ముందు వీధంతా జనం. జడ్జి గారు కోర్టులో నీకోసం చూస్తున్నారు.”

“ఊరేగింపుకు ముందే జడ్జితో ఫొటోనా?” రోలండ్ టోపీ సర్దుకుని, మీసం దువ్వుకుంటూ లేచాడు. “నువ్వెందుకు రావడం, ఎవరైనా కుర్రాణ్ణి పంపకపోయావా?”

“షెరీఫ్‌ను అరెస్టు చేసే అధికారం ఈ కౌంటీలో కరోనర్‌కొక్కదానికే ఉంది, రోలండ్.”