యూనస్‌కి విడిగా

"చక్కెర జబ్బు ఉందా?" అని అడిగింది కౌంటరు వెనక అమ్మాయి.

నజాత్ మొగుడి కాలు తొక్కింది.

"ఉంది తల్లీ. బీపీ కూడా. మోకాళ్ళ సంగతి అడక్కు," అన్నాడు యూనస్.

అమ్మాయి కాగితాలు వెనక్కి తోసేసింది. టర్కీలోని ఈ సామ్‌సున్ ఊళ్ళో వాళ్ళు మెట్లెక్కని బీమా ఆఫీసు లేదు. అన్ని చోట్లా ఇదే వరస.

బయట సన్నగా వాన పడుతోంది.

"పెళ్ళికి ముందు నాతో ఒక్క నిజం చెప్పలేదు. ఇక్కడికొచ్చి సత్యవంతుడివి అయిపోయావు," అంది నజాత్.

"అసలు నాకు విడిగా బీమా ఎందుకే?"

ఆమె గొడుగు అతని చేతిలో పెట్టి ముందుకు నడిచింది.

ఇరాక్‌లోని మోసుల్ వదిలి వచ్చినప్పుడు ఆమె తన బంగారం అమ్మి ఇక్కడ చిన్న ఇల్లు కొంది. ఆ ఇంటి మీద ఆమెకు నివాస పర్మిట్ ఇచ్చారు. ఆమె భర్త కనక అతనికీ ఇచ్చారు. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది. ఈసారి గడువు తీరబోతుంటే మాత్రం, అతనికి సొంత పర్మిట్ కావాల్సిందేనని పట్టుబట్టింది. ఆరోగ్య బీమా లేనిదే అది రాదు.

చివరికి ఎర్షద్ దగ్గరికి వెళ్ళారు. అతను మోసుల్ పక్కనున్న తల్ అఫర్ మనిషి. రొట్టెల దుకాణం మీద గదిలో ఇరాకీలకు బీమాలు కుదురుస్తుంటాడు.

"సగం ఇల్లు నా పేర రాసేసింది," అని మొదలుపెట్టాడు యూనస్. "పంపకాలు అయిపోయాయి. వంట కూడా నన్నే చేసుకోమంటోంది. ఇక తలాక్ ఒక్కటే బాకీ!"

ఎర్షద్ ఇబ్బందిగా నవ్వి నజాత్ వైపు తిరిగాడు. "తొందరేముంది ఖాలా? అరవై అయిదు దాటితే అసలు బీమా అడగరు. ఈయనకి ఇంకా రెండేళ్ళేగా, అప్పటిదాకా మీ పర్మిట్ మీదే ఉండనివ్వండి."

"మా అమ్మ లెక్కన ఎప్పుడో దాటాయి," అన్నాడు యూనస్. "జనాభా లెక్కకి పేర్లు రాసుకోవడానికి గుమస్తా వచ్చినప్పుడు నేను అంజూరు చెట్టెక్కి కూర్చున్నా. కిందనుంచే చూసి, చిన్నవాణ్ణనుకుని తగ్గించి రాశాడు. పుట్టినరోజేమో జులై ఒకటని తనే వేసేశాడు. మా వీధి వీధంతా జులై ఒకటే!"

"ఆ గుమస్తాని ఇప్పుడెక్కడ వెతుకుతాం?" అంది నజాత్. "రెండేళ్ళు కాదు, రెండు నెలలు కూడా ఆగను."

ఆ మాటతో యూనస్ నవ్వు ఆగిపోయింది.

ఎర్షద్ ఒక్కొక్క కంపెనీకీ ఫోను చేశాడు. చాలాసేపటికి ఒకరు ఒప్పుకున్నారు. చక్కెర జబ్బుకి మాత్రం పైసా ఇవ్వరట.

"నేనేం తప్పు చేశాను, నజాత్?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "సంతకం పెట్టు."

పెట్టాడు. గొడుగు ఆమె కుర్చీకి తగిలించి, తను వట్టి తలతో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ముసలాయన్ని బాగా ఏడిపించారు ఖాలా," అన్నాడు ఎర్షద్, ఆమెను చూడకుండానే. "సరే, మీ పర్మిట్ గడువూ తీరుతోందిగా. మీ బీమా ఏడాదికి రాయనా, రెండేళ్ళకా?"

మెట్ల మీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా నజాత్ గుమ్మం వైపే చెవి పెట్టింది.

"అన్నిటికన్నా తక్కువ రోజులది రాయి నాయనా, డాక్టరు నాకు రంజాను దాకానే అన్నాడు."