బీరువా వెనక పట్టిక

“పెద్దాయనా, జెర లెవ్వు. మా అక్క కూసుంటది. కొత్త చీర, నీ బట్టల రంగు అంటుతది.”

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్నది ఒకే బెంచీ. రాంచందర్ అలా అనగానే ముసలాయన లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“గట్ల అనకురా,” అంది అక్క ముత్యమ్మ. అంటూనే కూర్చుంది.

చెల్లెలు కౌసల్యకు వీటి మీద ధ్యాస లేదు. కాజీపల్లిలో నాయన వదిలిపోయిన ఇంటిజాగా తొమ్మిదేళ్లుగా ముగ్గురి పేరునా ఉమ్మడిగా ఉంది. ఒకరు సరేనంటే ఇంకొకరు మొండికేయడంతోనే ఆ తొమ్మిదేళ్లూ గడిచాయి. ఈ రోజు మాత్రం ముగ్గురూ ఒకే ఆటోలో వచ్చారు. చుట్టుపక్కల వాళ్లు బయటికొచ్చి మరీ చూశారు.

తన వాటా తేలితే అందులో రెండు గదులు వేసుకుని, కిరాయి ఇంట్లోంచి బయటపడాలని కౌసల్య ఆశ. అన్న మనసు సాయంత్రం దాకా నిలుస్తుందన్న నమ్మకం మాత్రం ఆమెకు లేదు.

గుమస్తా రాజారావు పంపకం దస్తావేజు తిరగేసి, చలానా పక్కకు నెట్టాడు.

“ఇది చాలదు. ఉమ్మడి ఆస్తికి ఇప్పుడు మనిషికో ఫీజు. మీరు ముగ్గురు. మూడింతలు కట్టాలె.”

“నిన్న దస్తావేజుకు ఒకటే ఫీజు అంటిరి గద సార్!” అంది కౌసల్య.

“నిన్నటి మాట నిన్న. ఇయ్యాలనే మారింది.”

“కాగితం ఏదన్న వచ్చిందా?”

“పైనుంచి చెప్పిండ్రు. కడితే కట్టుండ్రి, లేకుంటే పోండ్రి.”

రాంచందర్ కాగితాలు లాక్కున్నాడు. “నేను ముందే చెప్పలే? ఇది అయ్యే పని కాదు. నా షిఫ్టు టైం అయితున్నది. ఇగ నన్ను మల్ల పిలవకుండ్రి.”

కౌసల్య అన్నకు అడ్డం వచ్చింది. అన్న ఈ గడప దాటితే ఇంకో తొమ్మిదేళ్లు ఆగాల్సిందే.

“బిడ్డా,” గోడ దగ్గరి ముసలాయన మెల్లగా పిలిచాడు. “ఆ బీరువ జరుపుండ్రి.”

“ఎందుకు తాతా?”

“దాని ఎనక ఫీజుల పట్టిక ఉన్నది.” గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పినట్టు అందుకున్నాడు. “‘ప్రభుత్వము నిర్ణయించి గెజిట్‌లో ప్రచురించిన ఫీజు మాత్రమే వసూలు చేయబడును. ఈ పట్టిక ప్రజలకు కనబడునట్లు ఉంచవలెను.’ సర్కారు అచ్చేస్తేనే ఫీజు మారుతది బిడ్డా. బల్ల కాడ కూసున్నోళ్ల నోటిమాటతోని మారదు.”

లైన్లో ఉన్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు.

“వకీలు లెక్కున్నడు,” అన్నారెవరో.

రాజారావు ముఖం చిట్లించాడు. “మల్ల వచ్చినవా? ఆడ పట్టిక లేదు, గిట్టిక లేదు.”

“ఉన్నది సారూ. నా ఒక్కనితోని బీరువ జరగదు గని, ఉన్నది.”

కౌసల్య కొంగు నడుముకు దోపింది. ఇనుప బీరువా, లోపల నిండా పాత ఫైళ్లు. భుజం ఆనించి నెట్టింది. కదల్లేదు. ముత్యమ్మ కొత్త చీర సంగతి మరిచి వచ్చి చేయి వేసింది. బీరువా కిర్రుమని బెత్తెడు జరిగి ఆగిపోయింది.

“అన్నా, చూస్తవేంది?”

రాంచందర్ తలుపు వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. కాగితాలు బెంచీ మీద పెట్టి వచ్చాడు.

నాయన పోయాక ముగ్గురూ కలిసి ఒక పనికి చేయి వేయడం అదే మొదటిసారి. బీరువా గోడను గీరుకుంటూ పక్కకు పోయింది.

వెనక దుమ్ము పట్టిన పెద్ద బోర్డు. తెల్లరంగు మీద నల్లని అక్షరాలు. కౌసల్య కొంగుతో తుడిచి, ఆఫీసంతా వినబడేలా చదివింది.

“భాగ పంపకాల దస్తావేజు. వాటాదారులు ఎందరున్నను, దస్తావేజు ఒక్కంటికి ఒకే ఫీజు.”

ఆ కింద ముసలాయన చెప్పిన మాటలే ఉన్నాయి, పొల్లు పోకుండా.

లైన్లోంచి చప్పట్లు మోగాయి. ఆ గోలకు సబ్ రిజిస్ట్రార్ ప్రేమలత తన గదిలోంచి బయటికొచ్చింది. బోర్డు చూసింది. చలానా చూసింది.

“రాజారావుగారూ, ఫీజు మారిందన్న గెజిట్ ఏదీ?”

రాజారావు ఫైలు దారం ముడి విప్పడంలో మునిగిపోయాడు.

“ఈ చలానా సరిపోతుంది. ముందు వీళ్లది కానివ్వండి. ఆ బీరువా మళ్లీ అక్కడికి రాకూడదు.”

గంటలో ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు అన్నీ అయిపోయాయి. కౌసల్య రసీదును గుండెకు హత్తుకుంది. ముత్యమ్మ సంతోషం పట్టలేక తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. రాంచందర్ కూడా నవ్వేశాడు.

“ఆ వకీలు సాబును పిలువుండ్రి. చాయ్ తాపిద్దాం,” అన్నాడు. “పెద్దమనిషిని బెంచీ మీదికెళ్లి లేపిన. తప్పయింది.”

ముసలాయన బెంచీ మీద లేడు. గోడ దగ్గరా లేడు.

గేటు ముందు చాయ్ అమ్మే బీరమ్మను అడిగారు.

“వకీలా! కిష్టప్పనా?” బీరమ్మ పకపకా నవ్వింది. “తమ్మునితోని పంపకానికి నెల కింద ఆయన గూడ వచ్చిండు. ‘ఇయ్యాలనే ఫీజు మారింది’ అని ఆయనకు గూడ గిదే చెప్పిండ్రు. తమ్ముడు అలిగి పోయిండు. అప్పటి సంది రోజూ వచ్చి ఆ బీరువ దిక్కు చూసుకుంట కూసుంటడు. ఇందాక తమ్మునికి ఫోన్ చేసుకుంట ఉరికిండు, ‘పట్టిక బయటపడ్డది, జల్దీ రా’ అని.”

“దాని ఎనక పట్టిక ఉన్నదని ఆయనకెట్ల ఎరుక?”

“బోర్డు మొత్తం చదివిండ్రా? కింది మూలకు చూడుండ్రి.”

రాంచందర్ లోపలికి పరుగెత్తాడు. ఆ మూలన ఇంకా దుమ్ము ఉంది. బొటనవేలితో తుడిచాడు.

ఎర్రరంగులో చిన్న అక్షరాలు కనిపించాయి: “రాత: పెయింటర్ కిష్టప్ప.”