ఆవణి దాకా

జోతిమణి పోయి పదహారో దినం, కర్మ జరిగే దినం. గేటు ముందు తెల్లచొక్కా ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

"జోతిమణి ఇల్లు ఇదేనా అప్పా?"

"నువ్వెవరు?" అన్నాడు ఆమె మొగుడు ఇరుళప్పన్.

"సింగానల్లూరు బస్టాండు వెనక ఉంటా. గోవిందరాజన్ అంటారు."

ఆ పేరు ఇరుళప్పన్‌కు తెలుసు. పెండ్లాం ఫోనులో రోజూ వెలిగిన పేరు.

వాడి సందేశాలన్నీ తెలుగు అక్షరాలే. ఇంట్లో మాట తెలుగే గాని, ఇరుళప్పన్ బడిలో చదివింది తమిళం. తన తండ్రి రాసిన తెలుగు జాబులు కూడా, ఇంట్లో చదివే దిక్కు లేక, రేకుపెట్టెలో పడి ఉన్నాయి.

"నేను చదవలేని రాతలో వానితో నీకేమి మాటలే?" అని ఒకనాడు నిలదీశాడు.

జోతిమణి ఫోను అతని చేతిలోనే పెట్టింది.

"ఎవురికైనా చూపించుకో మామా. దాచేది ఏముండాది? ఆవణి నెలలో నీకు అరవై నిండుతాయి, అరవయ్యో పెండ్లి గదా, ఆ దినం నేనే చెప్తా. అందాక నన్ను నమ్ము."

అతడు ఎవరికీ చూపించలేదు. ఫోనును బట్టలుతికే రాతికేసి కొట్టాడు. ఆ దినం నుంచి ఆమెతో మాట లేదు. ఆమె వండిన కూడు ముట్టలేదు.

ఆవణి ఇంకా రాకముందే, ఆడి నెల జ్వరంలో జోతిమణి పోయింది. ఆస్పత్రి మంచం మీది నుంచి "మామా" అని రెండుసార్లు పిలిచింది. అతడు కిటికీ వైపు తిరిగే నిలబడ్డాడు.

ఇప్పుడు వీడు గడప దాకా వచ్చాడు.

"సచ్చినాక గూడా వదలవా? ఈ వయసులో సిగ్గు లేదూ?"

చొక్కా పట్టి వీధిలోకి నెట్టాడు. ముసలాయన కళ్లద్దాలు మట్టిలో పడ్డాయి.

ఆయన తడుముకుంటూ వాటిని ఏరుకున్నాడు.

"తిట్టు అప్పా. నీ దుఃఖం నీది. ఇది మాత్రం ఆ బిడ్డది."

నోటుబుక్కు ఒకటి గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇరుళప్పన్ అరుగు మీద కూర్చుని తెరిచాడు. మొదటి పేజీలో వరసగా తమిళ అక్షరాలు, ఒక్కొక్కదాని పక్కనే తెలుగు అక్షరం. ఆపై పేజీల నిండా వంకర రాత. జోతిమణి చేతి రాత.

"అన్నా, ఆకులు ఏసినారు, లే" అని లోపలి నుంచి చెల్లెలు పాపమ్మాళ్ పిలిచింది. ఇరుళప్పన్ లేవలేదు. చివరి పేజీలోని అక్షరాలను మొదటి పేజీతో ఒక్కొక్కటే వేలితో పోల్చుకున్నాడు. ఒక్క వాక్యానికి మధ్యాహ్నమంతా పట్టింది.

"మామ నాయన రాసిన జాబు, నేనే చదివి మామకు వినిపిస్తా."

దాని కింద, బడిపిల్లల పుస్తకంలో పెట్టినట్టు, ఆ ముసలి పంతులు ఎర్ర సిరాతో పెట్టిన గుర్తు, పక్కన ఒక్క మాట: సరి.